మనోరమ కొన్న ట్యాబు

మేడ్చల్‌లో యాదగిరిని ఎరగనివాళ్లు తక్కువ. ప్లాట్ల బేరాలు కుదిర్చే మనిషి. మెడలో కండువా మూడు రంగులు మారింది గానీ, ఇంట్లో సామాను కంపెనీ మాత్రం మారలేదు. పెళ్లినాటి టీవీ ఆ కంపెనీదే, ఫ్రిజ్ ఆ కంపెనీదే, ఫోన్లూ అవే. దాన్ని పేరు పెట్టి కూడా పిలవడు, "మన కంపెనీ" అంటాడు. అదేదో ఆయన మేనమామ పెట్టినట్టు!

భార్య మనోరమ ముందు గదిలో మగ్గం వర్క్ చేస్తుంది. జాకెట్ల మీద ఆమె కుట్టే నెమళ్ల కోసం దూలపల్లి నుంచి కూడా ఆడవాళ్లు వస్తారు. ఇన్నేళ్లూ డిజైన్లు కాగితం మీద గీయడం, నచ్చలేదంటే చింపడం, మళ్లీ గీయడం. మెడ పట్టేసేది. తెర మీదే గీసి చూపించే ట్యాబు ఒకటి కొనుక్కోవాలని ఆమె కోరిక. తన సంపాదనతో, తానే ఎంచుకుని. ఆ ఇంట్లో అంతవరకూ ఆమె ఎంచుకున్న వస్తువంటూ ఒక్కటీ లేదు మరి.

షాపులో యాదగిరి నేరుగా మన కంపెనీ బల్ల దగ్గరికే నడిచాడు. మనోరమ అక్కడి ట్యాబు మీద పెన్నుతో మామిడి పిందె గీసింది. గీత చేతి వెనకాల ఈడ్చుకుంటూ వచ్చింది. పక్క బల్ల మీదున్న వేరే కంపెనీ ట్యాబు మీద గీసి చూసింది. చేయి ఎటు పోతే గీత అటే పోయింది.

"నాకు గిదే గావాలె," అంది.

"దాని పేరన్న ఇన్నమా? రేపు ఖరాబైతే నన్ను అడగొద్దు."

"అడగ తియ్యి. గీసేది నేనా, నువ్వా?"

యాదగిరి ఇంటిదాకా మూతి ముడుచుకునే ఉన్నాడు. ఇంటికి ఏ కొత్త వస్తువొచ్చినా బొట్టు పెట్టేది ఆయనే. ఆ రోజు మాత్రం "నీ కంపెనీకి నువ్వే పెట్టుకో పో" అన్నాడు. మనోరమ మనసు చివుక్కుమంది. ట్యాబును అలాగే బల్ల మీద పెట్టేసింది.

మర్నాడు పొద్దున కొత్త ట్యాబుకి నవ్యశ్రీ వీడియో కాల్ చేసింది. తుర్కపల్లి ల్యాబులో ఉద్యోగం, రాజమండ్రి వాళ్లమ్మాయి. చెల్లెలి పెళ్లికి ఇంటిల్లిపాది జాకెట్లూ ఇక్కడే ఇద్దామా అని చూస్తోంది. మనోరమ ట్యాబును మగ్గం మీది నెమలి వైపు తిప్పింది. తెరంతా ఎర్రటి మసక! ఆర్డరు పోతే పోయింది, తన ఎంపికే తప్పయిందే అని ఏడుపొచ్చింది.

గుమ్మంలోంచి యాదగిరి అందుకున్నాడు. "చెప్పిన్నా లేదా? మన కంపెనీదైతే గిట్లయితదా? పా, జల్దీ వాపస్ ఇచ్చొద్దాం."

"మనోరమ గారూ, వెనక కెమెరాకి ఏదో అంటినట్టుందండీ, చూడండి," అంది నవ్యశ్రీ.

మనోరమ ట్యాబు తిరగేసింది. కెమెరా నడిమధ్య పసుపు, దాని మీద నిండుగా కుంకుమ బొట్టు.

"ఏందయ్యా ఇది?"

యాదగిరి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మీసం దువ్వుకున్నాడు. "నువ్వు లేవకముందే పెట్టిన. ఇంట్లకొచ్చినదాన్ని బొట్టు లేకుంట ఉంచుతమా? గా గుండ్రం జాగ బొట్టుకే అనుకున్న."

నవ్యశ్రీ పగలబడి నవ్వింది. మనోరమకూ నవ్వాగలేదు, కళ్లూ తుడుచుకుంది, కెమెరానూ తుడిచింది. నెమలి పూస పూసా కనబడింది. ఆర్డరు ఖాయమైంది. కుంకుమ భరిణె తెచ్చి మొగుడి చేతిలో పెట్టి, "ఇగో, ఈ మూలకు పెట్టు," అంది.

మధ్యాహ్నం వాకిట్లో యాదగిరి ఎవరితోనో ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాడు. "ట్యాబా? కొంటే మన కంపెనీదే కొను. గా పాతది కాదు వయ్యా, మా మనోరమ కొన్నది!"