సాలిం తాత వంతు

వేసవిలో బాల్కనీలోని మల్లె కుండీకి నీళ్ళు పోస్తే కాగిన మట్టిలోంచి ఒక వాసన లేస్తుంది. అది ముక్కుకు తగలగానే నా కళ్ళు గోడ గడియారం వైపు పోవు. రెయిలింగు నీడ ఎందాకా వచ్చిందో చూస్తాయి. ఈ అలవాటు ఒమాన్‌లో, ఇబ్రా దగ్గరి ఒక పల్లెలో, సాలిం తాత వల్ల అబ్బింది.

అమ్మ అక్కడి ఆరోగ్య కేంద్రంలో నర్సు. 2008 ప్రాంతం, నాకు తొమ్మిదేళ్ళు. మా గుమ్మం ముందే ఫలజ్ పారేది. కొండ కింది ఊటనీటిని ఖర్జూరపు తోటలకు తెచ్చే సన్నటి కాలువ అది. గోదావరి కాలువలు చూసి వచ్చిన నాకు మొదట నవ్వొచ్చింది, మోకాలు కూడా తడిసేది కాదు. ఆ జానెడు నీళ్ళ మీదే ఊరంతా బతికేది. ఎనిమిది రోజులకొకసారి ఒక్కో తోటకు వంతు. దాన్ని కొలిచేది ఖాళీ జాగాలో పాతిన ఇనుపకడ్డీ నీడ, ఆ నీడ దారిలో పేర్చిన రాళ్ళు. పక్కన కాపలాగా తాత. నీడ రాయిని తాకగానే ఆయన "ఖలాస్" అంటే చాలు, చేతుల్లో సెల్‌ఫోన్లున్న వాళ్ళు కూడా మారుమాట్లాడకుండా మడవ కట్టి నీళ్ళు మళ్ళించేవారు. సూర్యుణ్ణి పనిలో పెట్టుకున్న మనిషి అనుకునేదాన్ని.

అంత భక్తి ఉండీ ఏం లాభం? ఒకరోజు తొక్కుడుబిళ్ళకు నున్నటి బిళ్ళ దొరక్క ఆ రాళ్ళలో ఒకటి తీశాను. ఆట అయ్యాక ఉజ్జాయింపుగా పెట్టేశాను. మర్నాడు మర్యం అనే వితంతువు వంతు. ఆమె కొత్తగా నాటిన నిమ్మమొక్కల చివరి వరసకు నీళ్ళు చేరకముందే నీడ రాయిని తాకింది. ఆ ఎండకు మళ్ళీ వంతు వచ్చేదాకా మొక్కలు బతకవని ఆమె ఏడ్చింది. తాతకు చూపు మందగించింది, వేరే మనిషిని పెట్టుకుందామని ఊరివాళ్ళు ఆయన ఎదుటే అన్నారు.

నేను ఇంటికి పరిగెత్తాను. అమ్మకు చెప్పేశాను.

"వెళ్ళి నువ్వే చెప్పుకో. నేను తోడు రాను," అంది.

తాతకూ కాస్త హిందీ తెలుసు. నా వచ్చీరాని హిందీలో చెప్పాను. తిట్టలేదు. పక్క రాయి నుంచి జానలతో కొలిచి, నేను పెట్టినదాన్ని నాలుగు వేళ్ళు అవతలికి జరిపాడు. జనం దగ్గరికి వెళ్ళి, రాయి తప్పుచోట ఉందని, చూసుకోవలసింది తనేనని ఒప్పుకున్నాడు. తన వంతు నీళ్ళు మర్యం తోటకు వదిలేశాడు. నా పేరెత్తలేదు. నీళ్ళు లేక నెర్రెలిచ్చిన ఆయన తోట పాదుల పక్కనుంచి నడవాలంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

తర్వాతి వారం నన్ను కడ్డీ దగ్గర కూర్చోబెట్టాడు.

"నువ్వు చూడు బేటీ. తాకినప్పుడు నువ్వే చెప్పు."

నీడ కొసనే చూస్తూ కూర్చున్నాను. "ఖలాస్" అన్నాను. నెరిసిన గడ్డాలవాళ్ళు లేచి వెళ్ళి మడవ కట్టారు. నా నోటి మాటకు నీళ్ళు మళ్ళాయి. అంత ఆనందం, అంత భయం మళ్ళీ ఎప్పుడూ ఎరగను.

ఖర్జూరాలు కోసే నాటికి ఆ పని వేరొకరికి అప్పగించారు. తాత మాత్రం రోజూ వచ్చి కాస్త దూరంగా కూర్చునేవాడు. నిజం అందరికీ చెప్పేయనా అని అడిగాను.

"మర్యం మొక్కలు బతికాయి కదా," అని నవ్వాడు. నేనూ ఊరుకున్నాను.

ఇప్పుడు నేనూ నర్సునే. డ్యూటీ దిగేటప్పుడు నా పొరపాటును నా తర్వాత వచ్చేవాళ్ళ మీద వదిలి వెళ్ళను. ఆ పాత పొరపాటు ఒక్కటే మిగిలిపోయింది. ఆ ఊళ్ళో ఇప్పటికీ సాలిం తాత చివర్లో ఒకసారి చూపు ఆనక రాయి తప్పుగా పెట్టాడనే అనుకుంటూ ఉంటారు. ఆయన తప్పుగా పెట్టలేదు. ఆ రాయి తీసింది నేను.