దప్పిక తీరిన ఇసుక

మొన్న మా మనుమడి ఫోనుకు, ఎగువన గేట్లు ఎత్తుతున్నారు ఏటివైపు పోవద్దని హెచ్చరిక వచ్చింది. వాడు చూసి పక్కన పెట్టేశాడు గానీ, నాకు యాభైల నాటి ఒక వేసవి, కర్నూలు దగ్గరి తుంగభద్ర ఇసుక, ఆనాటి నా పొగరు అన్నీ కళ్లముందుకు వచ్చాయి.

అప్పుడు నేను నీటిపారుదల ఆఫీసులో లెక్కలు వేసే చిన్న ఉద్యోగిని. యుద్ధంలో శత్రువు ఎగువన నీళ్లు వదిలితే దండు ఏటి మధ్యలో చిక్కుకోకుండా ఎంత గడువులో దాటాలో లెక్కగట్టి ఇమ్మని, మా ఏట్లో సాధనకు వచ్చిన సైన్యంవాళ్లు అడిగారు. ఏటి ఒడ్డునున్న మా ఆఫీసు పెరట్లో ఇసుకతో ఏటి నమూనా కట్టి, ప్రతిసారీ ఎండిన ఇసుకే కొత్తగా పోసి, కుండతో నీళ్లు వదిలి గడియారం చూసేవాళ్లం. నిజంగా గేట్లు ఎత్తించి చూసిన మొదటి రోజు, పొద్దున వదిలిన నీళ్లు మేము చెప్పినట్టే సాయంత్రానికి జవాన్లు దాటే రేవు చేరాయి. మంచి గడియలో టెంకాయ కొట్టిన ఫలమని మా పెద్ద ఇంజనీరు మురిసిపోతే, ఇసుకకు పంచాంగం తెలియదని నేను వాదం పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున మళ్లీ నీళ్లు వదిలారు. ఆ గడువునే నమ్మి జవాన్లు మధ్యాహ్నం ఏట్లోకి దిగాలి. ఏటి ఇసుకలో దోసపాదులు పెట్టే మా పెద్దమ్మ నాకు జొన్నరొట్టె తెచ్చి, నేను గొప్పగా చెప్పిన గడువు విని నవ్వింది.

"ఏం నాయనా, ఇంత సదివినావు, ఇది తెలీదా? నిన్న ఇసుక దప్పిగొని ఉండె, తాగె. ఈ పొద్దు దాని కడుపు నిండుండాది. నీళ్లు యాడా నిలవకుండా ఉరుక్కుంటా వస్తాయి సూడు!"

నాకు రోషం వచ్చింది. కానీ పరీక్షించకుండా నమ్మడం ఎంత తప్పో, పరీక్షించకుండా కొట్టిపారేయడమూ అంతే తప్పు గదా! పెరట్లోకి పరుగెత్తి, నమూనాను ఒకసారి బాగా తడిపి, ఆ తడి ఇసుక మీదే మళ్లీ కుండ వంచాను. సగం సమయానికే నీళ్లు చివరికి చేరాయి.

అపశకునం మాటలు మానమని పెద్ద ఇంజనీరు కసిరినా ఆగక, సైనికాధికారి దగ్గరికి పోయి మా లెక్క తప్పని అందరి ముందూ చెప్పాను. ఎవరన్నారని ఆయన అడిగితే, మా పెద్దమ్మ అంది, నేను పరీక్షించాను అన్నాను. ఆయన నవ్వలేదు, జవాన్లను ఒడ్డునే ఆపేశాడు. మధ్యాహ్నం వాళ్లు నడవవలసిన చోట నిలువెత్తు నీళ్లు ఉరికాయి. నివేదికలో 'దోస రైతు చెప్పగా' అన్న మాట ఉండాలని పట్టుబట్టి రాయించాను. నా ఉద్యోగమంతటిలో నేను గర్వపడే వాక్యం అదే.

ఇప్పటివాళ్లు నాకంటే ఎంతో మేలుగా లెక్కలు వేస్తారు, సందేహం లేదు. కానీ ఏట్లో ఇప్పుడు పాదులు లేవు, పాదులు పెట్టేవాళ్లూ లేరు. లెక్క తప్పిన పొద్దు మొహాన నవ్వి చెప్పడానికి ఆ ఒడ్డున ఎవరున్నారు?