కరెంటు పోయినప్పుడు వినిపించిన పద్యం

నవ్వేవాళ్ళు నవ్వండి. మధ్యలో లేచిపోయేవాళ్ళు పొండి. నేను మాత్రం కల్పించి చెప్పడం లేదు. ఆ రాత్రి నేను తాగలేదు. జ్వరం లేదు. నిద్రమత్తు లేదు. నా పది వేళ్ళూ హార్మోనియం మీదే ఉన్నాయి... అయినా అది జరిగింది.

నేను ఇబ్రహీంపట్నంలో బడిపంతులుని. తెలుగు చెబుతాను. హార్మోనియం మా బాపు నేర్పిన విద్య. ఆయన చనిపోయేదాకా పద్యనాటకాలకు వాయించాడు. నా కాలానికి నాటకాలు లేవు. పెట్టె మిగిలింది, అంతే.

ఔటర్ రింగ్ రోడ్డు వస్తుందన్న మాట పుట్టగానే మా పక్కనే ఉన్న బొంగులూరు చుట్టూ జొన్నచేలు పోయి ప్లాట్ల హద్దు రంగురాళ్ళు లేచాయి. రాళ్ళు పోయి విల్లాలు లేచాయి. విల్లాల్లోకి మనుషులు దిగారు. వాళ్ళకు సాయంత్రాలు తోచలేదు. తోచకపోతే టీవీ చూసుకోవచ్చు. కాదు... పాత నాటకాలను ఉద్ధరించాలనుకున్నారు.

సంఘం పెట్టారు. ప్రతి శనివారం క్లబ్‌హౌస్‌లో చర్చ, ఏడాదికొక ప్రదర్శన. అధ్యక్షుడు చక్రపాణి. ఎక్కడో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. జరీ అంచు కండువా వేసుకుని లేచి నిలబడి, "రాజు కంట్లో నీరు వచ్చిందండీ. ఆ నీరు ఎవరిది? ఆలోచించండి" అనేవాడు. అందరూ కళ్ళు మూసుకుని ఆలోచించేవాళ్ళు. సమోసాలు చల్లారేదాకా. వాళ్ళలో ఒక్కడికైనా పద్యం ఎక్కడ విరవాలో తెలిస్తే ఒట్టు.

మరి నువ్వెందుకు పోయేవాడివని అడుగుతారు. నన్ను వాయించమని పిలిచే చోటు ఇంకోటి లేదు. అది కూడా చెప్పాలి కదా.

ఆ ఏడు వాళ్ళు ఎంచుకున్నది, రాజ్యం పోగొట్టుకున్న రాజు రాత్రికి రాత్రి ఊరు విడిచిపోయే పాత నాటకం. రాజు వేషం చక్రపాణిదే. అధ్యక్షుడు కదా మరి. ఆయన గొంతు ఒకటిన్నర శ్రుతి దాటదు. దాటినా నిలవదు. ఆయన పద్యం ఎత్తుకుంటే, తప్పిపోయిన మేకపిల్లను వెతికినట్టు నేను హార్మోనియం మెట్ల మీద ఆయన శ్రుతిని వెతుక్కునేవాడిని. తాళం సంగతి అడగొద్దు. తాళానికీ ఆయనకూ పరిచయమే లేదు.

ఇప్పుడు ఎల్లయ్య గురించి చెప్పాలి. మా ఊరివాడే. నలభై ఏళ్ళు రాజు వేషాలే కట్టాడు. మా బాపు వాయిస్తుంటే పాడినవాడు. ముసలితనంలో గొంతులో పుండు లేచింది. పట్నంలో దవాఖానవాళ్ళు స్వరపేటిక తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం మిగిలింది. ఊపిరి దాంట్లోంచే. పైన తువ్వాలు కప్పుకునేవాడు. ఊపిరి తీసినప్పుడల్లా... స్స్... అని సన్నటి ఈల. మాట లేదు. ఏదైనా చెప్పాలంటే జేబులోని చిన్న నోటుపుస్తకంలో రాసి చూపేవాడు.

ఆయన ప్రతి శనివారం వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. సంఘంవాళ్ళు ఒకసారి శాలువా కప్పి ఫోటో తీసుకున్నారు. తర్వాత ఆయన ఉన్నాడన్న సంగతే మర్చిపోయారు.

ఒక శనివారం రిహార్సల్‌లో చక్రపాణి, "చివరి పద్యం తీసేద్దామండీ. మరీ పొడుగు. జనం లేచిపోతారు" అన్నాడు. రాజు ఊరికి దండం పెట్టుకుని వెళ్ళిపోయే పద్యం అది. నిజం ఏమిటంటే, అది ఆయన గొంతుకు అందలేదు.

ఎల్లయ్య మెల్లగా లేచి వచ్చాడు. పుస్తకంలో రాసి ఆయన చేతికిచ్చాడు. నేనూ తొంగి చూశాను. "గా పద్యం తియ్యకు. రాజు దాంట్లనే ఉన్నడు."

చక్రపాణి చదివి నవ్వాడు. "గొంతు ఉన్నవాళ్ళ కష్టాలు మీకేం తెలుస్తాయి ఎల్లయ్య గారూ" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను... చిన్నగానే. ఎల్లయ్య మాత్రం వాళ్ళనెవరినీ చూడలేదు. నన్నే చూశాడు.

ప్రదర్శన మా ఇబ్రహీంపట్నంలోనే, ఒక ఫంక్షన్ హాల్లో. విల్లాలవాళ్ళు కార్లలో వచ్చారు. ఊరివాళ్ళు నడిచి వచ్చారు. ఎల్లయ్యను తీసుకొచ్చి ముందు వరసలో మా ఆవిడ పద్మ పక్కన కూర్చోబెట్టాను. నవ్వినందుకు నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంది. నేను స్టేజీ మీద కుడి పక్కన, తెర అంచుకు ఆనుకుని కూర్చున్నాను. నా వెనక తెర. తెర వెనక గోడ.

రెండు గంటలు చక్రపాణి ఆ నాటకాన్ని కోసి పోగులు పెట్టాడు. కిరీటం జారితే సర్దుకుంటూ ఏడ్చాడు. ఏడుస్తూ గడియారం చూసుకున్నాడు. రాజు చేతికి గడియారం. ఊరివాళ్ళు ఆవులించారు. విల్లాలవాళ్ళు మాత్రం చప్పట్లు కొట్టారు. వాళ్ళు దేనికైనా కొడతారు.

చివరి దృశ్యం వచ్చింది. పద్యం తీసేశారు కాబట్టి రాజు రెండు మాటలు చెప్పి వెళ్ళిపోవాలి. ఆయన నోరు తెరిచాడు...

కరెంటు పోయింది.

మైకు టక్కుమని ఆగిపోయింది. ఫ్యాన్లు తిరిగి... తిరిగి... నిలిచిపోయాయి. ఇప్పటిలా ప్రతి ఫోనుకూ లైటు లేని రోజులు. కళ్ళు తెరిచినా మూసినా ఒక్కటే. జనరేటర్ గది తాళం ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

కరెంటు పోతే జనం లేవకుండా శ్రుతి పట్టి ఉంచాలి. మా బాపు చెప్పిన మొదటి సంగతి అది. పట్టాను. ఎడమ చేత్తో తిత్తి కొడుతున్నాను. కుడి చేయి మెట్ల మీద. ఆ చీకట్లో అదొక్కటే చప్పుడు.

నా భుజం మీద ఒక చెయ్యి పడింది.

వెనక నుంచి. చల్లటి చెయ్యి. చక్రపాణి భయపడి వచ్చి నా వెనక నక్కాడనుకున్నాను. నవ్వొచ్చింది. "జర ఆగుండ్రి సార్, వస్తది కరెంటు" అని గొణిగాను.  ఆ చెయ్యి తీయలేదు.

అప్పుడు... స్టేజీ నడిమి నుంచి...

ఆ...

మొదట నా పెట్టెలోనే ఏదో రీడు ఇరుక్కుపోయి మోగుతోందనుకున్నాను. వేళ్ళు ఎత్తేశాను. పెట్టె ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగలేదు. సన్నగా మొదలై... లేస్తోంది. లేస్తూ లేస్తూ నాలుగున్నర శ్రుతి దగ్గర నిలబడింది. వణుకు లేదు. నా వేళ్ళు వాటంతట అవే ఆ మెట్టు మీదికి పోయాయి.

పద్యం మొదలైంది. తీసేసిన పద్యం.

మైకు లేకుండానే ఆ గొంతు హాలు చివరి గోడకు తగిలి తిరిగి వస్తోంది. ఒక్కొక్క మాటా విరిచి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి... ఒక్కో పాదం అయిపోయాక... స్స్... అని సన్నటి ఈల. నా వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. భుజం మీది చెయ్యి మాత్రం కదులుతోంది. రెండు వేళ్ళతో... మెల్లగా... తాళం వేస్తోంది. తప్పకుండా.

నాలుగో పాదం అయిపోయింది. చెయ్యి లేచిపోయింది. హాల్లో ఒక్కరూ దగ్గలేదు. తర్వాత ఊరివాళ్ళు కొట్టారు చప్పట్లు... కప్పు లేచిపోయేటట్టు. అప్పుడు లైట్లు వెలిగాయి.

స్టేజీ నడుమ చక్రపాణి నిలబడి ఉన్నాడు. కిరీటం వంకర. జనం వైపు చూశాడు. ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత రెండు చేతులూ జోడించి... వంగి దండం పెట్టాడు.

అంత నీచమైన దండం నేనెక్కడా చూడలేదు.

వేషాలు విప్పే గదిలో ఆయనను పట్టుకున్నాను. "సార్, పాడింది మీరు కాదు. మీరు నా ఎన్కకొచ్చి దాక్కున్నరు" అన్నాను.

"నేనా? నేను కదల్లేదండీ. కాళ్ళు బిగుసుకుపోయాయి" అన్నాడు. "పాడాను. పాడాననే అనుకుంటున్నా." ముఖానికి రంగు పోయినా తుడుచుకుంటూనే ఉన్నాడు. దొంగ తుడుచుకోడా, తుడుచుకుంటాడు, అనుకున్నాను.

నాకు ఎల్లయ్య మీదే అనుమానం. ఇంటికి పోతూ పద్మను అడిగాను.

"ఎల్లయ్య కాక కుర్చీల్నే ఉన్నడు" అంది పద్మ. "కరెంట్ పోంగనే నా మణికట్టు పట్టుకున్నడు. లైట్లొచ్చేదాంక ఇడువలే. గొంతు మాత్రం స్టేజీ దిక్కు నుంచే వచ్చింది."

"నోరు తెరిచిండా?"

"చీకట్ల నాకేం కనవడ్తది? కానీ చెయ్యి మస్తు కాలింది. జొరమొచ్చినోళ్ళ లెక్క."

తెల్లవారి ఎల్లయ్య ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "కాకా, రాత్రి పాడిందెవరే?" అన్నాను. జేబులోంచి పుస్తకం తీశాడు. రాసిచ్చాడు. "మంచిగ పాడిండు. నువ్వు గూడ మంచిగ పట్టినవ్ బిడ్డా."

"పాడిండు అంటే ఎవరు?"

పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. 

మరుసటి శనివారం చక్రపాణి గంటన్నర మాట్లాడాడు. తనలోని రాజు ఎలా మేల్కొన్నాడో వివరించాడు. వాళ్ళు కళ్ళు మూసుకుని విన్నారు. ఎవరో మళ్ళీ ఒకసారి పాడమన్నారు. గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. ఒకటిన్నర. రెండో మాటకే విరిగిపోయింది. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వాను, ఈసారి గట్టిగానే.

కొన్నాళ్ళకు ఆయన విల్లా అమ్ముకుని పోయాడు. సంఘం మూతబడి ఆ గదిలో యోగా క్లాసు పెట్టారు. ఎల్లయ్య చనిపోయాడు. ఇన్నేళ్ళూ నేను ఈ కథ చెప్పినప్పుడల్లా, చక్రపాణిని నా వెనక దాక్కున్న పిరికివాడిగానే చెప్పాను.

పోయిన నెల ఆయన ఫోన్ చేశాడు. గొంతు బాగా నీరసించింది. "మాస్టారూ, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. ఆ రాత్రి పాడింది నేనేనా?"

ఆయనను తిట్టడానికి ఇన్నేళ్ళు దాచుకున్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. అప్పుడే నా భుజం మీది ఆ రెండు వేళ్ళు గుర్తొచ్చాయి. చక్రపాణికి తాళం వేయడం రాదు. ఏనాడూ రాలేదు. నా వెనక దాక్కున్నది ఆయన కాదు.

"మీరే సార్" అన్నాను.

అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఫోన్ పెట్టేశాడు.

నేను అబద్ధం చెప్పానో, నిజం చెప్పానో... నాకు తెలియదు. ఆయన స్టేజీ నడుమే నిలబడి ఉంటే, నా వెనక ఉన్నదెవరు?