ఎలుగుబంటి వెనక్కి నడిచిన రోజు

ఆ అడవి కాపలాదారుకి ఊరంతా కలిసి పెట్టిన పేరు జాడల మావయ్య. మట్టిలో అడుగు కనబడితే చాలు, దాని జాతకమంతా చెప్పేసేవాడు. గోళ్ళ గుర్తులు పడితే కుక్క, పడకపోతే చిరుత. మనిషి పాదంలా మడమతో సహా దిగబడి, వేళ్ళకి బాగా ముందు గోళ్ళ గీతలుంటే ఎలుగుబంటి. గుండ్రటి పెంటికలు కుందేలువి. పండ్ల గింజలు, చెదపురుగుల పొట్టు కలిసిన పెంట ఎలుగుది. అది ఎంతసేపటిదో చేత్తో తాకి మరీ చెప్పేవాడు. ఛీ అనకండి, ఆ ఉద్యోగమే అలాంటిది.

ఇంత విద్య దేనికంటారా? తప్పించుకోవడానికి! అడవి జంతువంటే మావయ్యకి చచ్చేంత భయం. జాడ అటు పోతే తను ఇటు పోయేవాడు. జంతువుల్ని చూడ్డానికొచ్చినవాళ్ళనీ ఇటే తిప్పి, "అయ్యో, ఇప్పుడే వెళ్ళిపోయిందండీ!" అని వాళ్ళకంటే ఎక్కువ బాధపడిపోయేవాడు. ఈ గుట్టు భార్యకి తెలిస్తే ఎలాగా అన్నదే ఆయన బెంగంతా. ఆవిడేమో ఇరుగుపొరుగు దగ్గర "మా ఆయనకి భయమంటే ఏంటో తెలీదమ్మా" అని ఒకటే గొప్పలు.

ఒక ఆదివారం ఆవిడ తమ్ముడు ఊడిపడ్డాడు. దర్జీపని వాడిది, నోరు మాత్రం కత్తెర కంటే పదును.

"నీ ధైర్యం గురించి అక్క చెప్పగా వినడమే గానీ నేను చూసింది లేదు బావా. ఇవాళ ఎలుగుబంటిని చూపించాల్సిందే" అని పట్టుబట్టాడు. నేనూ వస్తానంటూ అక్క కూడా చెప్పులేసుకుంది. మావయ్య ప్రాణం సగం గుమ్మంలోనే పోయింది.

వాగు పక్క తడి ఇసుకలో ఎలుగు అడుగులు కనిపించనే కనిపించాయి. గుంటల్లోకి నీళ్ళింకా ఊరుతున్నాయి. అంటే ఇప్పుడే! అడుగులు తిన్నగా ఎడమవైపు పొదల్లోకి పోయాయి. మావయ్య గొంతు సవరించుకుని, కుడివైపు చెయ్యి చూపించి, "ఇటే వెళ్ళింది, పదండి" అన్నాడు.

"గోళ్ళు అటున్నాయి కదా బావా?"

"వెనక్కి నడిచిందిరా. దానికదో అలవాటు."

తమ్ముడు పగలబడి నవ్వాడు. "ఎలుగుబంటి వెనక్కి నడవడమేంటి! అక్కా, మీ ఆయన..."

ఆవిడ వాడి చెవి పట్టుకుని మెలేసింది. "ఆయనకంటే నీకెక్కువ తెలుసా? వెనక్కే నడిచింది. నోర్మూసుకుని పద!"

వాడు గొణుక్కుంటూ కుడివైపు దారిపట్టాడు. మావయ్య తల దించుకుని, "నీకో సంగతి చెప్పాలే" అన్నాడు భార్యతో.

"చెప్పక్కర్లేదు. పెళ్ళైన కొత్తలోనే ఓసారి మీ వెనకాలే వచ్చి చూశాను. దాని అడుగులు అటు, మీ బూట్ల అడుగులు ఇటు. ఒక్కో అంగా ఎంత దూరాన పడిందని! నడక కాదది, పరుగు."

"మరి అందరికీ ఆ గొప్పలెందుకే?"

"మా ఆయన పిరికివాడని చాటితే ఉద్యోగం ఉంటుందా?" అని ఆవిడ ఆయన చొక్కాకి పట్టిన పల్లేరుకాయ పీకి పారేసింది. "మీరు డ్యూటీకెళ్ళినప్పుడల్లా నేను హాయిగా పడుకునేది ఎందుకనుకున్నారు? మీరు జాడ తప్పు చదవరనీ, చదివాక అటు వెళ్ళరనీ తెలిసే!"

మావయ్యకి ఏడుపొచ్చేసింది.