కప్పిన గొంగడి

ఆగయ్యకు ముక్కు మీదే కోపమని పాలకుర్తి చుట్టుపక్కల పది ఊళ్లకు తెలుసు. ఆ కోపం ఎందుకని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి ఆయన దగ్గర ముప్పై అయిదేళ్ల సరుకు ఉంది.

గొర్రెలు కాసే కురుమల ఇంట పుట్టాడు. గుంట మగ్గం మీద గొంగళ్లు నేయడం, నేసినవాటిని భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మడం, ఇదే ఆయన బతుకు. జనగామలో బస్సెక్కి మహబూబాబాద్, అక్కడి నుంచి మొగుళ్లపల్లి, ఆపైన గోదావరి ఒడ్డున మహదేవపూర్. మహబూబాబాద్‌ను ఆ పేరుతో ఎన్నడూ పిలవలేదు. ఆయనకు అది మానుకోటే.

వ్యాపారికి సరుకు మీద కన్నుంటే చాలంటారు. ఆగయ్యకు లోకం మీద కూడా కన్నుండేది. భూపాలపల్లి దాటుతుంటే బొగ్గు లారీలు బారులు తీరి ఎదురొచ్చేవి. "బొగ్గు మనది, బూడిద మనది, కరెంటు మాత్రం ఎటు పాయె?" అని బస్సంతా వినపడేలా అడిగేవాడు. మహదేవపూర్‌లో గోదావరి నిండుగా పారుతుంటే, కూతవేటు దూరంలో మడి నెర్రెలు విచ్చి కనపడేది. ఆ ఊరి రైతులకు లేని కోపం ఈయనకు వచ్చేది. మానుకోట టీ హోటల్లో టీవీ ముందు కూర్చుంటే సినిమాలో రౌడీ, తాగుబోతు, పనివాడు అందరూ ఆగయ్య మాటే మాట్లాడేవాళ్లు. హోటల్లో జనం పగలబడి నవ్వేవాళ్లు. "హీరో ఒక్కపారన్న మా అవ్వ లెక్క మాట్లాడడేంది?" అని ఆయన టీ గ్లాసు ఠపీమని పెట్టి లేచిపోయేవాడు. తన యాసను ఎవడో వెక్కిరిస్తే తమవాళ్లే నవ్వడం ఆయనకు అన్నిటికన్నా కడుపు మండే సంగతి.

కాదు, అంతకన్నా మంట పుట్టించింది గొర్రెల సంగతి. వాళ్ల తాతల నాటి గొర్రె నల్లగా, పొట్టిగా, ఒళ్లంతా బొచ్చుతో ఉండేది. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తే గొంగళ్లకు కొదవ లేదు. మాంసం ఎక్కువ వస్తుందని చెప్పి సర్కారువాళ్లు, అప్పులిచ్చి మరీ, కోస్తా వైపు నుంచి ఎత్తు గొర్రెలను తెచ్చి మందల్లో కలిపారు. చూడటానికి దూడంత ఉంటుంది, ఒంటి మీద గుప్పెడు ఉన్ని ఉండదు. పదిహేనేళ్లలో నల్ల గొర్రె కనపడకుండా పోయింది. ఊళ్లో పన్నెండు మగ్గాలుంటే పదకొండు మూలపడ్డాయి. "గొర్రెకే బొచ్చు లేకపాయె, కురుమోనికి మగ్గమెందుకు?" అని ఆగయ్య కనపడిన ప్రతి ఆఫీసరునూ నిలదీశాడు. ఆఫీసర్లు నవ్వి, రగ్గులు చవకగా దొరుకుతున్నాయి కదా అన్నారు.

అయినా పట్టు వదల్లేదు. మొగుళ్లపల్లి పక్కన ఒక మందలో నాలుగు నల్ల గొర్రెలు, మహదేవపూర్ అడవి అంచున ఇంకో మందలో తొమ్మిది. వెళ్లినప్పుడల్లా ఇంత బొచ్చు సంచిలో వేసుకొచ్చేవాడు. రెండేళ్లు పట్టింది, ఒక్క గొంగడికి సరిపడా పోగుచేయడానికి. భార్య సాయమ్మ రాట్నం మీద దాన్ని వడికింది. అప్పటికే ఆమె వేళ్లు కొంకర్లు పోతున్నాయి. నూలు చేతికిస్తూ, "గిదే ఆఖరు. ఇగ నాతోని గాదు. నీ గొంగడి జల్లెడ లెక్కయింది. గిది నువ్వే కప్పుకో" అంది. ఆగయ్య నూలు గట్టిపడేలా చింతగింజల అంబలి పట్టించి, అంచుకు తెల్ల చార వేసి, తన జీవితంలో నేసిన అన్ని గొంగళ్లలోకీ మంచిదాన్ని నేశాడు.

ఇక్కడ ఒక కట్టుబాటు చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది ఊరికే ముసలాయన మొండితనంలా కనపడుతుంది. ఆగయ్య వాళ్లలో ఒక మనిషి భుజాల మీద గొంగడి కప్పితే, దాన్ని ఆ మనిషే విప్పుకోవాలి. ఇంకొకడి చెయ్యి దాని మీద పడకూడదు. పడేది ఒక్కసారే, పాణం పోయినప్పుడు. ఆగయ్యకు పదేళ్లప్పుడు తండ్రి చనిపోతే, పెద్దనాన్న వంగి ఆయన భుజాల మీది గొంగడి లాగాడు. అప్పటిదాకా నిద్రపోతున్నాడనుకున్న పిల్లవాడికి నాయిన ఇక లేడని అర్థమైంది ఆ లాగడంతోనే.

రెండువేల పదకొండు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లో, పిల్లలు ఇళ్లల్లో, పంతుళ్లు రోడ్ల మీద. పదేళ్లుగా గొంగడిని మరిచిపోయిన జనానికి అది ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఏ సభలో చూసినా నాయకుడి భుజాన గొంగడి, చేతిలో కర్ర. పేపర్లో ఆ ఫొటోలు చూసినప్పుడల్లా ఆగయ్య ఛాతీ ఉబ్బేది. వెక్కిరించిన మాటే ఇప్పుడు మైకుల్లో మోగుతోంది, మూలపడ్డ గొంగడే వేదికెక్కుతోంది. న్యాయం ఆలస్యంగానైనా ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందనుకున్నాడు.

వెతుక్కుంటూ వచ్చింది మాత్రం రఘునాథ్. మానుకోట కాంట్రాక్టరు. రెండేళ్ల కిందటి దాకా అవతలి పక్షం వాళ్లకు దండలు వేసి రోడ్ల పనులు తెచ్చుకున్నవాడు, గాలి ఎటు వీస్తే అటు తిరిగే రకం. ఇప్పుడు సభా ఏర్పాట్లన్నీ ఆయనవే. కారు దిగి, చెప్పులతోనే మగ్గం గదిలోకొచ్చాడు.

"ఆగయ్యా, మానుకోట సభకు హైదరాబాద్‌కెల్లి పెద్ద సారు వస్తుండు. అసలైన చేతి గొంగడి కప్పాలె. నీ దగ్గరున్నదట గదా!"

"కప్పినంక ఇంటికి తీస్కపోతడా సారూ? ఏడనన్న పడేస్తడా?"

"అరే, ఎందుకు పడేస్తడు? పానం లెక్క చూసుకుంటడు. పైసలెంతో చెప్పు."

"ఉద్యమానికిచ్చేదానికి పైసలేంది?" అన్నాడు ఆగయ్య. ఆ మాట అన్నందుకు ఆయనకు తన మీద తనకే గౌరవం కలిగింది.

కారు వెళ్లాక సాయమ్మ గొంగడి అంచును వేళ్లతో తడిమింది. చలికాలం ముందుంది, మొగుడి భుజాల మీద జల్లెడ గొంగడి ఉంది. చివరికి, "ఇయ్యి. నేనొద్దంటలేను. గని ఒక్కటి. గది ఆయన భుజం మీదనే ఉండాలె. మూలకు పడేస్తరని దెలిస్తె మాత్రం వాపస్ తీస్కరా. నా చేతేళ్లు ఊకనే పోలేదు" అంది. ఆగయ్య సరేనని మాటిచ్చాడు.

సభ రోజున కారు పంపిస్తానన్న రఘునాథ్ పంపలేదు. బస్సులు ఎలాగూ లేవు. పొద్దు పొడవకముందే గొంగడిని మడిచి నెత్తిన పెట్టుకుని ఆగయ్య నడక మొదలుపెట్టాడు. తొర్రూరు చేరేసరికి ఎండ మాడు పగలగొడుతోంది. అక్కడ అదృష్టం ట్రాక్టరు రూపంలో కనపడింది. మానుకోట దగ్గరి తండా నుంచి కూలికి వచ్చిన లంబాడీలు ఇరవై మంది, పని మానేసి సభకు పోతున్నారు. తోలుతున్నవాడు దేవ్యా, పన్నెండేళ్ల కిందట ఆగయ్య దగ్గర గొంగడి కొన్నవాడు. అది ఇప్పటికీ వాడి భుజానే ఉంది.

"అన్నా, గా కొత్తది నాకియ్యరాదే?" అన్నాడు దేవ్యా నవ్వుతూ.

"నీది ఇంక చినగలే గదరా!"

"నీ గొంగడి చినగాల్నంటె నేను సావాలె." తండా ఆడవాళ్లు గొల్లున నవ్వారు. ఆగయ్య కూడా నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వింది ఆ ఒక్కసారే.

మైదానం కిక్కిరిసి ఉంది. మెట్ల దగ్గరే రఘునాథ్ గొంగడిని గుంజుకున్నట్టు తీసుకుని, "కింద కూసో, కింద కూసో" అన్నాడు. కాళ్లకు నీళ్లిచ్చినవాడు లేడు, తిన్నావా అని అడిగినవాడు లేడు. కింద దుమ్ములో దేవ్యా పక్కన కూర్చుని ఆగయ్య తలెత్తి చూశాడు.

వేదిక మీద పదకొండు మంది. రఘునాథ్ మైకు అందుకుని, "మానుకోట గడ్డ తరఫున నేను సారుకు అందజేస్తున్న చిరుకానుక" అన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. పెద్ద సారు భుజాల మీద గొంగడి పడింది. చేతికి కర్ర వచ్చింది. కెమెరాలు మెరిశాయి. సారు మెడ గోక్కున్నాడు, పక్కవాడి వైపు తిరిగి మొహం చిట్లించాడు. గొంగడి కప్పించుకోవాలి గానీ గరుకు తగలకూడదట! గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరేవాళ్లను ఆగయ్య చాలామందిని చూశాడు. పోనీలే, అలవాటు లేని ఒళ్లు అని సర్దుకున్నాడు.

ఆ మరుక్షణం రఘునాథ్ చెయ్యి చాచి, సారు భుజాల మీది గొంగడిని చటుక్కున లాగేశాడు. లాగి రెండోవాడి మీద వేశాడు. ఫొటో. మళ్లీ లాగాడు, మూడోవాడి మీద వేశాడు. ఫొటో. ఉన్నది ఒక్క గొంగడి, కప్పాల్సినవాళ్లు పదకొండు మంది. కిరాయి గుడ్డలా దాన్ని వరస పెట్టి తిప్పుతున్నాడు. ఆగయ్య పదేళ్ల పిల్లవాడిగా చూసిన ఆ లాగడం, నిండు సభలో, నవ్వుతున్న మనుషుల మీద, ఒకరి తర్వాత ఒకరి మీద జరుగుతోంది.

"అన్నా, ఏం జేస్తున్నరన్నా గిది?" అన్నాడు దేవ్యా.

ఆగయ్య లేచాడు. ఆరోవాడి మీద నుంచి లాగుతుండగా మెట్లెక్కాడు. ఆపబోయిన కుర్రాళ్లను మోచేత్తో నెట్టాడు. రఘునాథ్ ఎదుట నిలబడి, "ఆగు" అన్నాడు.

రఘునాథ్ తెలివైనవాడు. జనం చూస్తున్నారు, కెమెరాలున్నాయి. క్షణంలో మొహాన నవ్వు పులుముకుని మైకులో, "గీయనే మన ఆగయ్య! గీ గొంగడి నేసిన కళాకారుడు! చప్పట్లు కొట్టుండ్రి!" అన్నాడు. అని ఆ గొంగడిని ఆగయ్య భుజాల మీద కప్పాడు. మైదానం హోరెత్తింది. కెమెరాలు మెరిశాయి. ఇంకా అయిదుగురు మిగిలి ఉన్నారు కదా, చప్పట్లు ఆగకముందే రఘునాథ్ చెయ్యి అలవాటుగా గొంగడి అంచు మీదికి వచ్చింది.

ఆగయ్య ఆ మణికట్టు పట్టుకున్నాడు. మగ్గం మీద అరిగిన చెయ్యి అది, విడిపించుకోవడం రఘునాథ్ వల్ల కాలేదు.

"నేనింక సావలే" అన్నాడు ఆగయ్య.

మైకు దగ్గరే ఉంది. మాట మైదానం చివరిదాకా పోయింది.

"మా కురుమోళ్లల్ల గొంగడి గుంజేది పీనుగ మీదికెల్లి. ఆర్గురు బతికున్న మనుషుల మీదికెల్లి గుంజినవ్. ఆళ్లకు తెల్వది, పోనీ. నాకు తెలుసు. నా మీదికెల్లి గుంజాల్నంటె నన్ను సంపి గుంజు."

గొంగడి సంగతి తెలిసిన ముసలివాళ్లు మైదానంలో చాలామందే ఉన్నారు, వాళ్లు తలలు దించుకున్నారు. పెద్ద సారు మాత్రం వాచీ చూసుకుని, "పోనీయ్ రఘునాథ్, మిగిలినవాళ్లకు శాలువా కప్పు" అన్నాడు. జరిగిందేమిటో ఆయనకు అప్పటికీ అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు.

ఆగయ్య గొంగడితోనే కిందికి దిగాడు. దేవ్యా లేచి చోటిచ్చాడు. సభ అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు, గొంతు పోయేదాకా జై కొట్టాడు. తెలంగాణ ఏమైనా రఘునాథ్ అబ్బ సొత్తా, ఆయన మీద అలిగి లేచిపోవడానికి? ఆ రాత్రి తండాలో పడుకుని, పొద్దున్నే దేవ్యా ట్రాక్టరు మీద తొర్రూరు చేరాడు. టీ కొట్టు దగ్గర పేపరు చూస్తే మొదటి పేజీలోనే ఫొటో ఉంది. గొంగడి కప్పుకుని నవ్వుతున్న పెద్ద సారు. కింద, 'రఘునాథ్ బహూకరించిన గొంగడితో' అని రాసి ఉంది. ఆ గొంగడి అప్పుడు ఆగయ్య భుజాల మీద, టీ కొట్టు ముందు, ఎండలో ఉంది. ఇది నా గొంగడి అని కొట్టువాడికి చెప్పబోయి ఊరుకున్నాడు. చెప్పుకోవాల్సిన మనిషి ఇంట్లో ఉంది.

మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరేసరికి సాయమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఒళ్లంతా చెమటతో, గొంగడితో నిలబడ్డ మొగుడిని చూసి చేట పక్కన పెట్టింది.

"ఇయ్యలేదా?"

"ఇచ్చిన. కప్పిన్రు."

"ఎవలకు?"

"ఆర్గురికి కప్పి గుంజిన్రు. ఏడోది నాకు గప్పిన్రు." ఆగయ్య గొంతు సగం బొంగురు, సగం కోపం. "గుంజనియ్యలే."

సాయమ్మ లేచి దగ్గరికొచ్చింది. ఎండలో ఉడికిపోతున్న మనిషి భుజాల మీది గొంగడి తీద్దామని వంకర వేళ్లు చాచింది. చాచిన చెయ్యి అంచు దాకా పోయి ఆగింది. వెనక్కి తీసుకుంది.

"నువ్వే ఇప్పుకో" అంది. "ఇప్పి, కాళ్లు గడుక్కొని రా. బువ్వ పెడ్త."