పెట్రోలు వడగట్టిన కొత్తగుడ్డ

ఇవాళ నా పాత కారు కార్బురేటర్ విప్పగానే పెట్రోలు వాసన గుప్పుమంది. పోలీసు చర్య అయిన కొత్తలో నాయిన కొన్న సెకండ్‌హ్యాండు కారు గుర్తొచ్చింది.

యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే అది ఉరికేది. మెల్లగా తొక్కితే కుదుపులిచ్చేది. జడ్చర్ల దారిలో మిలిటరీవాళ్ల తనిఖీ దగ్గర మెల్లగానే పోవాలి, ఉరికితే కాలుస్తారు. కారుకు మిలిటరీ అంటే భయమనుకున్నాను.

"బండికేం భయం బిడ్డా?" అని నవ్వి, నాయిన తనిఖీకి ముందే దారి పక్కన ఆపి కార్బురేటర్ విప్పాడు. సన్నని రంధ్రంలో నూలుపోగు ఇరుక్కుంది.

మేం నేతవాళ్లం. "ఇంటికొచ్చిన బండికి కట్టి ఇడిసిన గుడ్డ పెడ్తరా?" అని అవ్వ, మగ్గం మీంచి అప్పుడే కోసిన గుడ్డతో పెట్రోలు వడగట్టించింది. దాని పోగే అది.

"ఇగ సూడు, ఎట్ల పోతదో!" నాయిన రంధ్రాన్ని ఊది, అంతా బిగించాడు. కారు మెత్తగా సాగింది. తనిఖీ దగ్గర తుపాకీ మనిషి ముందుకు రమ్మని సైగ చేయగానే మళ్లీ కుదుపు.

"భయపడకు" అని కారు తలుపు నిమిరాను.

ఇన్నేళ్లు బండ్లు నడిపాక తెలుస్తోంది. పోగు తీశాక ఆ కారులో ఏ లోపమూ లేదు. వణికింది నాయిన కాలు.