సత్తయ్య నోరు మూయించడానికి రామన్నపేట ప్రయాణం

ఫిబ్రవరి చివరి ఆదివారం నేను భువనగిరి నుంచి రామన్నపేట పోయింది గుళ్ళూ గోపురాలూ చూడడానికి కాదు, మా తమ్ముడు సత్తయ్య నోరు మూయించడానికి. వాడి గొంతులో చిన్న గడ్డ తేలింది. హైదరాబాదు డాక్టరు బుధవారం ఆపరేషన్ పెట్టి, అప్పటిదాకా పది రోజులు ఒక్క మాట మాట్లాడొద్దన్నాడు. గుసగుస కూడా వద్దట. మాట్లాడితే వాపు వస్తుంది, ఆపరేషన్ వాయిదా పడుతుంది, ఆలస్యమైతే పాత గొంతు తిరిగొస్తుందన్న నమ్మకం లేదు. ఏడో రోజు పొద్దున్నే మా మరదలు భాగ్య ఫోన్ చేసింది. "వదినే, గాయన కబడ్డీ గ్రౌండ్‌కు పోయిండు. ఊకెనే కూసుంటనని చెయ్యితోని చూపిచ్చిండు. గాయన ఊకె కూసునుడు నువ్వెప్పుడన్న చూసినవా?" చూడలేదు. ముప్పై ఏళ్ళు బడిలో నోళ్ళు మూయించిన అనుభవం ఉన్నదాన్ని కనుక బయల్దేరాను.

ఎనిమిదింబావుకు భువనగిరి బస్టాండులో వలిగొండ మీదుగా పోయే పల్లెవెలుగు బస్సు దొరికింది. ఆడవాళ్ళకు టికెట్టు సున్నా, ఆధార్ కార్డు మాత్రం చేతిలో ఉండాలి. కండక్టరు కార్డును, నన్ను రెండుసార్లు మార్చి మార్చి చూశాడు. "గీ ఫోటో నీదేనా అవ్వా?" "నాదే బిడ్డా. తీసినోడే నా మీద పగతోని తీసిండు" అన్నాను. ఆదివారం కనుక కూర్చోవడానికి జాగా దొరికింది, మామూలు రోజుల్లో ఆశపడకండి. వలిగొండ దగ్గర మూసీ వాసన లోపలికి వస్తుంది, కిటికీ కాసేపు మూసుకుంటే మంచిది. తర్వాత రెండు పక్కలా యాసంగి వరి, మధ్యమధ్య ప్లాట్ల కోసం పాతిన తెల్ల రాళ్ళు. గంటంబావులో రామన్నపేటలో దిగాను.

బస్టాండు నుంచి గ్రౌండ్‌కు రెండు కిలోమీటర్లు. షేరింగ్ ఆటోకు మనిషికి ఇరవై. డ్రైవరు యాభై దాటిన మనిషి. నేను ఎవరినో తెలియగానే అద్దం నా ముఖం కనబడేటట్టు తిప్పుకున్నాడు.

"సత్తన్న అక్కవా? మా చిన్నప్పుడు గాయన కూతకు పోతాండంటే మేం చెట్లెక్కి చూసేటోళ్ళం. ఒక్క ఊపిరితోని అవతలోళ్ళను నలుగురిని ముట్టుకొని వచ్చెటోడు."

"ఇంట్ల కూరగాయలు తెమ్మంటె గూడ గట్లనే, ఏదో ఒకటి ముట్టుకొని ఉత్త చేతులతోని వచ్చెటోడు" అన్నాను.

నిజం చెప్పాలంటే ఆ డ్రైవరు ఏమీ పెంచి చెప్పలేదు. మా ఇంట్లో మగ్గాలుండేవి. గుంటమగ్గంలో కాళ్ళు దింపి, కింది చెక్క పావుకోళ్ళు తొక్కి తొక్కి సత్తయ్య పిక్కలు రాళ్ళయ్యాయి. పదిహేడేళ్ళకే ఊరి జట్టులో చేరాడు, తర్వాత జిల్లాకు, ఆ పైన రాష్ట్రానికి ఆడాడు. ముప్పై దాటాక ఒక పోటీలో ముగ్గురు కలిసి మోకాలు పట్టి లాగారు. ఆట పోయింది. ఆ కాలితో పావుకోళ్ళూ తొక్కలేకపోయాడు, మగ్గమూ పోయింది. కొన్నేళ్ళు బట్టల దుకాణంలో గుమస్తాగా గడిపాడు. ఒకసారి పోటీల్లో కామెంట్రీ చెప్పే మనిషి రాలేదని వీడి చేతిలో మైకు పెట్టారు. తెలంగాణ వచ్చాక యువజన సంఘాల టోర్నమెంట్లు పెరిగాయి, మట్టి మీద మ్యాట్లు పరిచారు, ఫోన్లలో లైవులు మొదలయ్యాయి. ఇప్పుడు సత్తన్న గొంతు లేకపోతే నల్లగొండ దాటి మహబూబ్‌నగర్ వరకు పోటీ పోటీలాగా ఉండదంటారు. గుమస్తాగా తల దించుకొని నడిచినవాడు మైకు పట్టాకే మళ్ళీ తలెత్తాడు. అందుకే నాకు భయం. ఆ గొంతు పోతే వాడికి ఇక మరో పని లేదు.

నేను పోయేసరికి వాడు షామియానా కింద మైకు ముందు కూర్చొని ఉన్నాడు. మెడకు తువ్వాలు, ముందర నోటుబుక్కు. నన్ను చూసి నోటిమీద వేలు పెట్టుకున్నాడు, పొద్దుటి నుంచి ఒక్క మాట అనలేదని. పోటీలు పెట్టిన యువజన సంఘం అధ్యక్షుడు మాత్రం చేతులు నలుపుకుంటున్నాడు. "టీచరమ్మా, ఫ్లెక్సీ మీద అన్న పేరే ఏసినం. జనం గాయన కోసమే వచ్చిండ్రు." సత్తయ్య బుక్కులో ఏదో గీకి నా ముందుకు తోశాడు: నేను రాస్త, నువ్వు చదువు. లేకుంటే నేనే మాట్లాడుత.

ఇది బెదిరింపు. మైకు తీసుకున్నాను.

మొదటి రెండు ఆటల్లో నవ్వులపాలయ్యాను. వాడు రాసి, నేను కళ్ళద్దాలు సర్దుకొని చదివేసరికి ఆటగాడు తిరిగొచ్చి నీళ్ళు తాగుతుండేవాడు. "టీచరమ్మా, నిన్నటి పేపర్ చదువుతున్నవా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. వాడు ఉపాయం మార్చాడు. జరగబోయేది ముందే రాసి పెట్టి, జరిగాక నా భుజం తట్టేవాడు. తట్టినప్పుడే చదవాలి. అది బాగా కుదిరింది. వాడు రాసింది పదింట ఎనిమిదిసార్లు అట్లాగే జరిగేది.

ఒంటిగంటకు భోజనాలు. బగారన్నం, కోడికూర, ఆకుకు ఎనభై రూపాయలు. వడ్డించే యాదమ్మ సత్తయ్యకు పప్పు మాత్రమే వేసింది. "గొంతుకు కారం తాకద్దట, భాగ్య ఫోన్ జేసి చెప్పింది." వాడు నా ఆకులోని ముక్క వైపు చూశాడు. నేను వాడి వైపు చూడలేదు.

నాలుగింటికి ఫైనల్, రామన్నపేటకూ చౌటుప్పల్‌కూ. చౌటుప్పల్ వాళ్ళు ఎక్కువమంది మందుల కంపెనీల్లో పనిచేసే పిల్లలు. చివరి రైడ్‌కు మనవాళ్ళు ఒక పాయింటు వెనక. ఇద్దరిని ముట్టుకొని వస్తే గెలుపు. మన రైడర్ గీత దాటాడు. సత్తయ్య రాశాడు: ఎడమ మూల పిల్లగాడు మడిమ లేపిండు, ఇప్పుడు కాళ్ళమీద పడ్తడు. గ్రౌండంతా లేచి నిలబడింది, నేను కూడా. వాడు భుజం తట్టలేదు. నేను చదివేశాను.

మైకులో నా మాట విన్న రైడర్ ఎడమ వైపు చూసి గాలిలోకి ఎగిరాడు. కాళ్ళమీద పడబోయినవాడిని, వాడి చెయ్యి పట్టుకున్నవాడిని ముట్టుకొని గీత మీద పడ్డాడు. ఊరంతా ఈలలు. చౌటుప్పల్ కెప్టెన్ నేరుగా మా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, నువ్వు కామెంట్రీ చెప్తున్నవా, కోచింగ్ ఇస్తున్నవా?"

అంపైరు తల గోక్కున్నాడు. "మైకు గురించి రూల్లేదు. సత్తన్న ఏమంటె గదే." మనవాళ్ళు చుట్టూ మూగారు. "పాయింటే అను అన్నా. ఒక్క మాట. ఒక్క మాటకు ఏం గాదు." సత్తయ్య నా చేతిలోని మైకు తీసుకున్నాడు. పెదవులు విడివడ్డాయి. నేను వాడి చెయ్యి పట్టుకోలేదు, పట్టుకునే హక్కు పోగొట్టుకున్నది నేనే.

వాడు మైకు బటన్ ఆపి టేబుల్ మీద పెట్టాడు. కుంటుకుంటూ మ్యాట్ దగ్గరికి పోయి, వంగి మధ్య గీతను ముట్టుకొని, కెప్టెన్‌కు రెండు చేతులూ జోడించాడు. తర్వాత మన రైడర్ వైపు తిరిగి వేలు తిప్పాడు, మళ్ళీ పోవాలని. మన రైడర్ మళ్ళీ పోయాడు. ఈసారి ఎడమ మూల పిల్లగాడు మడిమ లేపలేదు, మనవాడి చీలమండ దొరకబుచ్చుకున్నాడు. ఓడిపోయాం.

అయిదున్నరకు అధ్యక్షుడి బైకు మీద సత్తయ్య ఇంటికి పోయాడు, నేను నడిచాను. దారిలో పలకరించినవాళ్ళు తక్కువ. బుధవారం ఆపరేషన్ అయింది. డాక్టరు "పేషెంటు మాట్లాడిండా?" అని అడిగితే, "పేషెంటు కాదు, నేను మాట్లాడిన" అన్నాను. మూడు వారాల తర్వాత మాట్లాడొచ్చన్నారు. గొంతు కాస్త గరుకుగా, కానీ వాడిదే వచ్చింది. మొదటి మాట భార్యతో అంటాడేమోనని మేమంతా చుట్టూ నిలబడ్డాం. వాడు నా వైపు తిరిగాడు. "అక్కా, తట్టకముందే చదివినవ్."

ఇన్నేళ్ళు వాడు ఉన్నది ఉన్నట్టు అరుస్తాడనుకున్నాను. వాడికి అందరికంటే ముందే కనబడుతుందని, కనబడిందాన్ని ప్రతిసారీ నాలుక మీద ఆపుకుంటాడని ఆ రోజు తెలిసింది. నేను మైకు పట్టింది ఒక్క పూట, నా వల్ల అది కాలేదు. మీరు రామన్నపేట పోటీలకు పోవాలనుకుంటే తొమ్మిదిన్నరకల్లా చేరి మ్యాట్ మూలన చోటు పట్టండి, అక్కడి నుంచి మడిమలు బాగా కనబడతాయి. కనబడిందేదైనా రైడర్ తిరిగి గీత ముట్టేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.